చందా కోసం చైన్‌సా: ఇంజన్‌లో ఏం మారుస్తారు, లక్కీ డ్రా ఎందుకు చిక్కు

అమెరికా, కెనడాల్లో చైన్‌సా (చెట్లు కోసే మోటారు రంపం) పిచ్చి ఉన్నవాళ్లకు ఒక అలవాటుంది. తమలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఒకరు మూలన పడ్డ పాత మిషన్ ఇస్తారు, ఇంకొకరు పిస్టన్, రింగులు కొనిస్తారు, చెయ్యి తిరిగిన మెకానిక్ సిలిండర్ విప్పి లోపలి కంతలు (పోర్టులు) గీకి పవర్ పెంచుతాడు. ఆ మిషన్ మీద టికెట్లు అమ్మి డ్రా తీస్తారు, వచ్చిన డబ్బు ఆ కుటుంబానికి ఇస్తారు. ఆ వీడియోలు చూసి ఇక్కడ కూడా అలా చేద్దామా అని హైదరాబాద్ టూ-స్ట్రోక్ అభిమానులు అనుకోవడంలో వింతేమీ లేదు. యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్‌కు ఇలా పోర్టులు గీకడం, అంటే పోర్టింగ్ గురించి గంటసేపు మాట్లాడగల మనిషి ఈ ఊళ్లో ప్రతి బస్తీలోనూ దొరుకుతాడు. గాలివాన వచ్చిన మర్నాడు రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లను విపత్తు సహాయక దళం (డీఆర్‌ఎఫ్) సిబ్బంది చైన్‌సాలతో కోస్తుంటే నిలబడి చూడనివాళ్లూ తక్కువే.

ఇందులో రెండు ముళ్లున్నాయి. ఒకటి ఇంజన్‌ది, రెండోది డబ్బుది (డ్రాకు చట్టం అడ్డొస్తుంది, అందుకే కింద వేలం మాట వస్తుంది). రెంటికీ మూలం మాత్రం ఒకటే: సొంత బండి మార్చుకుంటే దాని తిక్కలన్నీ మనకు తెలుసు, చందా కోసం చేసే మిషన్ ఎవరి చేతికి పోతుందో చేసేవాడికి తెలియదు. కింద చెప్పే ప్రతి మార్పునూ ఈ కోణంలోంచే చూడాలి.

వాల్వులు లేని ఇంజన్

చైన్‌సాలో ఉండేది ఒకే సిలిండర్ ఉన్న టూ-స్ట్రోక్ ఇంజన్. దీనికి వాల్వులుండవు. సిలిండర్ గోడకే కిటికీల్లాంటి కంతలుంటాయి, వాటినే పోర్టులంటారు. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ తనే వాటిని మూస్తుంది, తెరుస్తుంది. గాలి, పెట్రోల్, ఆయిల్ కలిసిన మిశ్రమం కింద క్రాంక్ (పిస్టన్ ఆటను తిప్పుడుగా మార్చే ఇరుసు) ఉన్న గదిలోకి వచ్చే దారి ఇన్‌టేక్. పిస్టన్ దిగుతూ ఆ మిశ్రమాన్ని నొక్కితే అది పక్క దారుల్లోంచి పైకెక్కుతుంది, ఆ దారులు ట్రాన్స్‌ఫర్లు. మండిన పొగ బయటికి పోయేది ఎగ్జాస్ట్.

ట్రాన్స్‌ఫర్, ఎగ్జాస్ట్ రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. లోపలికొచ్చిన కొత్త మిశ్రమం పొగను బయటికి నెడుతూ తనూ కొంత దానితో పాటు పోతుంది. పాత డిజైన్లలో దాదాపు నాలుగో వంతు పెట్రోల్ ఇలా మండకుండానే పోయేది. ఇప్పటి చైన్‌సాలు చాలావాటిలో ముందు ఒట్టి గాలిని పంపి, దాని వెనక మిశ్రమాన్ని పంపే ఏర్పాటు ఉంది. అలాంటి సిలిండర్‌ను పాత మిషన్‌లాగే గీకేస్తే ఆ గాలి దారి లెక్క తప్పుతుంది. అందుకే ఇలాంటి పనులకు పాత మోడళ్లనే ఎంచుకుంటారు.

లెక్కలకు ఒక ఇంజన్ పెట్టుకుందాం. హుస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ అనే పేరున్న మిషన్‌లో బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ ఆడే దూరం) 36 మి.మీ. ఆ లెక్కన లోపలి పరిమాణం 70.7 సీసీ. పవర్ 5 హెచ్‌పీ పైచిలుకు. మన ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ 98 సీసీకే 11 హెచ్‌పీ ఇస్తుంది కదా, ఇదెందుకు ఇంత తక్కువ? బైక్ సైలెన్సర్ పొడవుగా, మధ్యలో ఉబ్బి ఉంటుంది. బయటికి జారిన మిశ్రమాన్ని ఒత్తిడి అలతో వెనక్కి తోసే తెలివి ఆ ఆకారంలోనే ఉంది. చైన్‌సాకున్నది చిన్న డబ్బా, అందులో ఆ తెలివికి చోటు లేదు. పైగా బైక్‌కు ఫుల్ రేస్ ఎప్పుడో ఒకసారి ఇస్తాం. చైన్‌సా మాను కోస్తున్నంతసేపూ ఫుల్ రేస్‌లోనే ఉంటుంది, ఎదురుగాలి కూడా తగలదు, ఫ్యాన్ విసిరిన గాలే దిక్కు. బైక్ మీద పండిన చిట్కా ఇక్కడ ఇంజన్‌ను కాల్చేయడానికి ఇదే మొదటి కారణం.

పోర్టింగ్: మిల్లీమీటర్‌లో మూడో వంతు లెక్క

పిస్టన్ పూర్తిగా పైనున్నప్పుడు క్రాంక్ సున్నా డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. ఎగ్జాస్ట్ 100 డిగ్రీల దగ్గర, ట్రాన్స్‌ఫర్ 120 దగ్గర తెరుచుకుంటాయనుకుందాం. మధ్యలో ఉన్న 20 డిగ్రీల్లోనే పొగ ఒత్తిడి దిగిపోవాలి. దిగకపోతే ట్రాన్స్‌ఫర్ తెరవగానే పొగ అందులోకే ఎదురు తన్నుతుంది.

పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ 65 మి.మీ. అనుకుని లెక్క కడితే, 100 డిగ్రీల దగ్గర పిస్టన్ పై నుంచి 23.6 మి.మీ. కింద ఉంటుంది, 98 డిగ్రీల దగ్గర 23.0. అంటే ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును 0.6 మి.మీ. గీకితే 2 డిగ్రీల ముందే తెరుచుకుంటుంది, తిరిగి మూసుకోవడం 2 డిగ్రీలు ఆలస్యమవుతుంది. మొత్తం తెరిచి ఉండేది 160 నుంచి 164 డిగ్రీలకు పెరుగుతుంది. ఒక డిగ్రీకి 0.3 మి.మీ. చెయ్యి ఒణికితే పోయేంత కొలత ఇది.

అలా గీకితే పెద్ద రేస్‌లో ఇంజన్ బాగా ఊపిరి తీసుకుంటుంది, ఆర్‌పీఎం పైకెక్కుతుంది. అదే సమయంలో మంట పిస్టన్‌ను తొయ్యాల్సిన దూరం తగ్గుతుంది, తక్కువ రేస్‌లో పుల్లింగ్ పోతుంది. పచ్చి తుమ్మ మానులో బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) సగం దిగాక చైన్ బిగిసినట్టయ్యే క్షణంలో కావలసింది ఆ పుల్లింగే. పోటీల్లో మూడు పలకలు కోసి ఆపేసే మిషన్‌కు ఈ బేరం గిట్టుతుంది. 1985లో మొదలైన స్టిల్ టింబర్‌స్పోర్ట్స్ పోటీల్లో హాట్ సా అనే విభాగమే ఉంది, అక్కడ ఇలా విపరీతంగా మార్చిన మిషన్లతోనే దిగుతారు. రోజంతా కొమ్మలు కోసేవాడికి గిట్టదు.

వెడల్పు విషయంలో ఇంకో హద్దుంది. ఎగ్జాస్ట్ పోర్టు వెడల్పు సాధారణంగా బోర్‌లో 65 శాతం దాటించరు, 50 మి.మీ. బోర్‌కు అది 32 మి.మీ. చిల్లర. దాటితే పిస్టన్ రింగ్ ఆ కంతలోకి ఉబికి అంచుకు తగులుకుంటుంది. గీకిన తర్వాత అంచును నున్నగా వాలుగా రుద్దకపోయినా అదే గతి. చూడ్డానికి పోర్టు అద్దంలా మెరుస్తూ ఉండొచ్చు, వేలి గోరు పెట్టి కింది నుంచి పైకి లాగితే ఎక్కడో సన్నగా తగులుతుంది. నిమిషానికి పన్నెండు వేలసార్లు రింగ్ అదే చోట తగులుతుంది. విరిగిన ముక్క సిలిండర్‌ను నిలువునా చీరుతుంది.

ఇక్కడే బాలానగర్ లేత్ షాపుల మీద మనకున్న ధీమా పనికిరాదు. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్‌లో ఇనుప స్లీవ్ ఉంటుంది, గీతలు పడితే రీబోర్ చేసి పెద్ద సైజు పిస్టన్ వేసుకోవచ్చు. చైన్‌సా సిలిండర్ అల్యూమినియం, లోపల గట్టి లోహపు పూత మాత్రమే ఉంటుంది. బోర్ కొడితే ఆ పూతే పోతుంది. గీతలు ఆ పూతను చీల్చాయంటే మామూలుగా సిలిండర్ మార్చాల్సిందే.

ప్యాకింగ్ తీసేస్తే కంప్రెషన్ ఎంత పెరుగుతుంది

సిలిండర్ కింద ఉండే ప్యాకింగ్ తీసేసి, దాని బదులు పల్చగా సీలెంట్ రాసి బిగించడం అందరూ మొదట చేసే పని. చౌక, తేలిక, ఫలితం వెంటనే తెలుస్తుంది. ఎందుకో చూద్దాం. మన ఇంజన్‌లో పిస్టన్ పైనున్నప్పుడు మిగిలే ఖాళీ 6 సీసీ అనుకుందాం. ఎగ్జాస్ట్ మూసుకున్న తర్వాతే అసలు నొక్కుడు మొదలవుతుంది కాబట్టి 23.6 మి.మీ. ఎత్తునే లెక్కలోకి తీసుకోవాలి, అది 46.3 సీసీ. 46.3కు 6 కలిపి 6తో భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి 8.7, అంటే మిశ్రమం అన్ని రెట్లు నలుగుతుంది. ఇప్పుడు 0.5 మి.మీ. ప్యాకింగ్ తీసేశాం. పై ఖాళీ 5.02 సీసీకి తగ్గింది, సిలిండర్‌తో పాటు ఎగ్జాస్ట్ పోర్టూ 0.5 దిగింది కాబట్టి నొక్కుడు 47.3 సీసీ నుంచి మొదలవుతుంది. నిష్పత్తి 10.4. అరమిల్లీమీటర్ కాగితం ముక్క ఇంత పని చేసింది.

పోర్టులన్నీ దిగాయి కాబట్టి ఎగ్జాస్ట్, ట్రాన్స్‌ఫర్ కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఇన్‌టేక్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. కొందరు ఇక్కడితో ఆపేస్తారు, పుల్లింగ్ పెరుగుతుంది. కొందరు దిగిన ఎగ్జాస్ట్‌ను మళ్లీ పైకి గీకి రెండూ కావాలంటారు.

హద్దు పిస్టన్‌కూ హెడ్ (సిలిండర్ పై కప్పు) అంచుకూ మధ్య మిగిలే సందు. దాన్ని కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ప్లగ్ విప్పి, ఆ కంతలోంచి సోల్డర్ తీగను సిలిండర్ గోడకు తగిలేదాకా పంపి, స్టార్టర్ తాడు మెల్లగా లాగి పిస్టన్‌ను ఒకసారి పైకి దాటిస్తారు. తీగ చివర నలిగి బల్లపరుపుగా వస్తుంది, దాని మందాన్ని వెర్నియర్‌తో కొలుస్తారు. పిస్టన్ కొంచెం వాలుతుంది కాబట్టి పిస్టన్ పిన్ ఉన్న దిక్కున రెండు వైపులా చూడాలి. చేయి తిరిగినవాళ్లు సుమారు 0.5 మి.మీ. దగ్గర ఆగుతారు. మొదట 1.1 ఉంటే ప్యాకింగ్ తీశాక 0.6, క్షేమం. మొదటే 0.8 ఉంటే 0.3 మిగులుతుంది, వేడెక్కి సాగిన పిస్టన్ హెడ్‌ను కొట్టే ప్రమాదం అక్కడుంది. రెండు మిషన్లూ ఒకే మోడల్ అయినా ఈ కొలత ఒకటే ఉండాలని లేదు. కొలవకుండా తీసేసినవాడి అనుభవం మీకు పనికిరాదు.

సైలెన్సర్, ట్యూనింగ్, మన పెట్రోల్

సైలెన్సర్ కంత పెద్దది చేస్తే పొగ సులువుగా పోతుంది, ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. గాలి పెరిగిందంటే పెట్రోల్ కూడా పెరగాలి, లేకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఈ ఇంజన్‌కు ఆయిల్ కూడా పెట్రోల్‌లోంచే అందుతుంది కాబట్టి దెబ్బ రెండువైపులా. అందుకే సైలెన్సర్ ముట్టుకుంటే కార్బొరేటర్ మీద హెచ్, ఎల్ అని గుర్తున్న స్క్రూలు సరిచెయ్యక తప్పదు. హెచ్ ఫుల్ రేస్‌కు, ఎల్ చిన్న రేస్‌కు. ఫుల్ రేస్‌లో ఖాళీగా తిప్పినప్పుడు శబ్దం తడబడుతూ, గుడగుడమంటూ రావాలి. మానులో దిగగానే ఆ తడబాటు పోయి సాఫీ కావాలి. ఖాళీలోనే సన్నగా ఈలలా అరుస్తుంటే వినడానికి బాగుంటుంది, ఆ ఇంజన్ ఎన్నాళ్లో ఉండదు.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన సంగతులు ఇక్కడే వస్తాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఒక కిలో స్వచ్ఛమైన పెట్రోల్ మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిపితే సుమారు 13.5. అంటే అదే గాలికి 8 శాతం దాకా ఎక్కువ ఇంధనం పోవాలి. అమెరికా వీడియోలో చెప్పినన్ని తిప్పులు ఇక్కడ తిప్పితే మిశ్రమం పలచగానే మిగులుతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. ట్యాంకులో పెట్రోల్ ఉంచి మిషన్‌ను నెలల తరబడి వదిలేస్తే కార్బొరేటర్ డయాఫ్రం, రబ్బరు పైపులు ముందు పాడవుతాయి.

ఎండ సంగతి ఇంకా తిరకాసు. మే నెల 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి, డిసెంబరు పొద్దున 15 డిగ్రీల గాలి కంటే దాదాపు 9 శాతం పలచగా ఉంటుంది. మేలో అంచుదాకా బిగించి ట్యూన్ చేసిన మిషన్ చలికాలం పొద్దున చిక్కటి గాలి పీల్చి, పెట్రోల్ చాలక వేడెక్కుతుంది. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ సరిచేసిన మిషన్‌ను వేలంలో పాడుకున్నవాడు మచిలీపట్నం తీసుకెళ్తే గాలి మళ్లీ చిక్కబడుతుంది. కొంచెం పెట్రోల్ ఎక్కువగానే వదిలేసి ఇవ్వాలనే మాటకు ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

ఆయిల్ గురించి ఒక చిన్న మాట. పెట్రోల్ 50కి ఆయిల్ 1 అంటే లీటరుకు 20 మి.లీ., 25కి 1 అంటే 40. భయపడి ఇష్టమొచ్చినంత ఆయిల్ పోస్తే, కార్బొరేటర్‌లోంచి పోయే ప్రతి చుక్కలో పెట్రోల్ తగ్గి మిశ్రమం ఇంకా పలచబడుతుంది. సైలెన్సర్‌లోని నిప్పురవ్వలు ఆపే జాలీని తీసేయడం మరో దురలవాటు, ఎండు గడ్డిలో దాని విలువ తెలుస్తుంది.

రేస్ పెరిగితే చైన్ ఎంత వేగం

మూడు ఎనిమిదో వంతు అంగుళం (9.525 మి.మీ.) పిచ్ ఉన్న చైన్, దాన్ని తిప్పే 7 పళ్ల చక్రం (స్ప్రాకెట్) తీసుకుందాం. ఒక్కో పన్ను రెండు పిచ్‌ల చైన్‌ను లాగుతుంది కాబట్టి ఒక చుట్టుకు 7 × 2 × 9.525, అంటే 133 మి.మీ. చైన్ కదులుతుంది. నిమిషానికి 10,000 చుట్లయితే సెకనుకు 22.2 మీటర్లు, గంటకు 80 కిలోమీటర్లు. 12,000 అయితే 26.7 మీటర్లు, గంటకు 96. వేగం 20 శాతమే పెరిగింది, చైన్‌లో ఉన్న శక్తి మాత్రం వర్గం లెక్కన 44 శాతం పెరిగింది. బార్ ముక్కు ఏదైనా కొమ్మకు తగిలి మిషన్ మొహం మీదికి ఎగిరినప్పుడు చైన్ బ్రేక్ ఆపాల్సింది ఈ శక్తినే. కనెక్టింగ్ రాడ్, బేరింగుల మీద గుంజుడు కూడా అదే లెక్కన పెరుగుతుంది.

ఎంతవరకు మార్చాలి: మూడు మాటలు

పూర్తిగా మార్చాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మామూలు మిషన్ దుకాణంలోనే దొరుకుతుంది, దానికి ఎవరూ ఎక్కువ డబ్బు పెట్టరు. పేరున్న చెయ్యి పడ్డ మిషన్ అనే ఆకర్షణ వల్లే చందా పెరుగుతుంది. పాడుకునేది తెలిసినవాళ్లే అయినప్పుడు భయమెందుకంటారు.

రెండో వర్గం ప్యాకింగ్, సైలెన్సర్, ట్యూనింగ్‌తో ఆపమంటుంది. పోర్టుల ఎత్తు ముట్టుకోరు, అంచులు నున్నగా చేస్తారంతే. పవర్ కొంత పెరుగుతుంది, పుల్లింగ్ పోదు. ఈ వాదనలో బలం ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే వేలంలో పాడినవాడు దాన్ని తోటలో పనిచేసే కుర్రాడి చేతికిస్తాడు. మన స్నేహితుల జాగ్రత్త అక్కడిదాకా ప్రయాణించదు.

మూడో మాట అసలు మార్చొద్దని. పాత మిషన్‌ను కంపెనీ కొలతలకు తెచ్చి, కొత్త చైన్ వేసి ఇస్తే చాలని. అమెరికాలో కూడా ఈ గొడవ ఉంది: అక్కడి క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం ఇలాంటి ఇంజన్ల పొగ నియంత్రణ ఏర్పాట్లను తొలగించడం నిషిద్ధం. మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండ్ల మార్పులను కట్టడి చేస్తుంది కానీ చైన్‌సా వాహనం కాదు, దానికి ఆ సెక్షన్ వర్తించదు. శబ్దం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. మామూలు మిషనే పట్టుకున్నవాడి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది, సైలెన్సర్ తెరిస్తే చెప్పక్కర్లేదు.

లక్కీ డ్రా, వేలం, విరాళం

డబ్బు దగ్గరికొద్దాం. చట్టం దృష్టిలో లాటరీకి మూడు లక్షణాలు: డబ్బు కట్టాలి, బహుమతి ఉండాలి, ఎవరికొస్తుందో అదృష్టం తేల్చాలి. 200 రూపాయల కూపన్లు 300 అమ్మి, డబ్బాలోంచి చీటీ తీసి మిషన్ ఇస్తే మూడూ ఉన్నట్టే. 1998 లాటరీల చట్టం లాటరీలను రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలో పెట్టింది, తెలంగాణ ప్రభుత్వం లాటరీ నడపదు. ప్రభుత్వం అనుమతించని లాటరీ తీయడానికి చోటు నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు ఉంది. మంచి పనికి చేశామన్నది ఆ సెక్షన్‌లో మినహాయింపు కాదు. పండగలకు కూపన్లు, డ్రాలు కళ్లముందే జరుగుతున్నాయిగా అంటారు. పట్టించుకోకపోవడం వేరు, అనుమతి వేరు.

వేలానికి ఈ చిక్కు లేదు, అందులో అదృష్టానికి పాత్ర లేదు. ఇది మనకు అమెరికా వాళ్లు నేర్పాల్సిన విద్య కూడా కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2025లో 35 లక్షలకు చేరింది, ఆ డబ్బుతో ఊరి పనులు చేస్తున్నారు. వస్తువు విలువకూ పాటకూ సంబంధం లేకపోవడమే అక్కడ అసలు సంగతి. వేలంలో లోటూ ఉంది: డ్రాలో 200 పెట్టి పాల్గొనే మామూలు మనిషికి ఇక్కడ చోటుండదు, నలుగురైదుగురు డబ్బున్నవాళ్ల మధ్య ఆట అయిపోతుంది. దానికి విరుగుడుగా కొందరు పక్కనే హుండీ పెడతారు, అందులో వేసినవాళ్లకు మిషన్ రాదు, అది ఒట్టి విరాళం.

ఉదాహరణకు, మిషన్ ఒకరు ఊరికే ఇచ్చారు. రాణిగంజ్‌లో కొన్న సామాన్లకు 9,000 అయింది. పాట 40,000 దగ్గర ఆగింది, హుండీలో 22,000 పడింది. ఖర్చు పోను 53,000. ఇందులో ఎవరికి పన్ను రాయితీ వస్తుంది? పాడినవాడు వస్తువు కొన్నాడు, అతనిది కొనుగోలు. హుండీలో వేసినవాళ్లు కుటుంబానికి నేరుగా ఇచ్చారు, వాళ్లకూ రాదు. 80జీ అని అందరూ పిలిచే రాయితీ నమోదైన సంస్థలకు ఇచ్చిన డబ్బుకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, నగదయితే 2,000 దాటకూడదు. మిషన్ ఇచ్చినవాడికీ లేదు, వస్తు రూపంలో ఇచ్చినదానికి అది వర్తించదు.

తీసుకునే కుటుంబం వైపు ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, మినహాయింపుల్లోకి రాని పక్షంలో, అంతా ఆదాయంగా లెక్కలోకి వస్తుంది. పై ఉదాహరణలో 53,000. మిషన్, చందా అన్నీ నమోదైన ధర్మ సంస్థ ద్వారా నడిపితే ఈ మెలిక తగ్గుతుంది, రసీదులూ సరిగ్గా ఉంటాయి, కాకపోతే డబ్బు చేరడానికి కాలం పడుతుంది. ఆసుపత్రి బిల్లు ముందున్నవాళ్లకు ఆ కాలమే ఉండదు. ఈ రెంటిలో ఏది మేలన్నది అవసరం ఎంత తొందరగా ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది.

పాడుకున్నవాడికి మిషన్‌తో పాటు ఏం చెప్పాలన్నది ఇంకా మిగిలే ఉంది. ప్యాకింగ్ తీసేశారా, సందు ఎంత కొలిచారు, ఏ పెట్రోల్, ఎంత ఆయిల్, ఏ నెలలో ట్యూన్ చేశారు. ఈ అయిదూ ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కు కట్టొచ్చు. రేపు మిషన్ ఆగిపోతే విప్పే మెకానిక్ మొదట అడిగేవి ఇవే. దాన్ని ఇంటి ముందున్న వేప మీద పెట్టేముందు మరో సంగతి కూడా ఆ చీటీలో ఉంటే నయం: నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టు కొట్టడానికైనా సాధారణంగా ముందుగా అనుమతి తీసుకోవాలి, కోసే మిషన్ ఎవరు తయారుచేశారన్నదానితో దానికి పని లేదు.